ధర్మపురి నుంచి అంతర్వేది దాకా: ఒడ్డు చేర్చే నరసింహస్వామి

ఓం నమో నారసింహాయ.

ఈ వారం వీడియోలో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి స్థలపురాణం చెప్పుకున్నాం. వీడియోలో పురాణం వరకే టైం సరిపోయింది. ఆ గుడికి ఇంకో కథ ఉంది. అది ఓడల కథ. ఆ గుడిని ఇప్పుడున్న రూపంలో నిలబెట్టింది రాజులు కాదు, ఓడల మీద బతికినవాళ్ళు. సముద్రం అంటే ఏంటో సినిమాల్లో తప్ప చూడని మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వాళ్ళకు ఆ కథతో ఏం పని అంటారా? చాలా పని ఉంది. చివరి దాకా చదవండి, మీకే అర్థమవుతుంది.

ఒకే నది, రెండు నరసింహ క్షేత్రాలు

మన ధర్మపురి అందరికీ తెలిసిందే. గోదావరి అక్కడ ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది కాబట్టి దక్షిణవాహిని అంటాం. యోగానంద నరసింహస్వామి, ఉగ్ర నరసింహస్వామి అక్కడ కొలువై ఉన్నారు. పక్కనే యమధర్మరాజు గుడి. నరసింహ శతకం రాసిన శేషప్ప కవి ఊరు కూడా అదే.

ధర్మపురిలో మనం స్నానం చేసి వదిలిన నీళ్ళు ఎటు పోతాయి? కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకుని, భద్రాచలం రాముడి పాదాల ముందు నుంచి పోయి, పాపికొండల మధ్య ఇరుకు దారిలో దూరి, రాజమండ్రి దగ్గర కిలోమీటర్ల వెడల్పు అవుతాయి. ధవళేశ్వరం దాటాక నది చీలిపోతుంది. తూర్పు పాయ గౌతమి, పడమటి పాయ వశిష్ఠ. వశిష్ఠలోంచి మళ్ళీ వైనతేయ అని ఇంకో పాయ విడిపోతుంది. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచిన గోదావరిలో, వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే చోట ఉన్న ఊరే అంతర్వేది. అక్కడా లక్ష్మీనరసింహస్వామే.

అంటే ఎగువన ధర్మపురిలో ఒక నరసింహుడు, సముద్రం ఒడ్డున అంతర్వేదిలో ఇంకో నరసింహుడు. మధ్యలో ఒకటే నది.

అంతర్వేది నేల ఎలా ఉంటుంది

అంతర్వేది ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా సఖినేటిపల్లి మండలంలో ఉంది. మ్యాప్ తెరిచి చూడండి. పడమర వశిష్ఠ, దక్షిణాన బంగాళాఖాతం, తూర్పున కొంత దూరంలో వైనతేయ. మూడు దిక్కులా నీళ్ళే. చిన్నప్పుడు సాంఘిక శాస్త్రంలో ద్వీపకల్పం అని చదువుకున్నాం కదా, దాన్ని చిన్నగా చేసి కొబ్బరితోటలు, సరుగుడు తోటలు పెడితే అంతర్వేది. ఆ కొన మీద లైట్‌హౌస్ ఉంది. నది, సముద్రం కలిసే చోటును అక్కడివాళ్ళు ‘అన్నాచెల్లెళ్ళ గట్టు’ అంటారు. ఒక పక్క నది నీళ్ళు, ఇంకో పక్క సముద్రం నీళ్ళు వేరుగా కనిపిస్తాయి. నది సముద్రంలో కలిసే చోటును తీరం వాళ్ళు ‘మొగ’ అంటారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

పురాణం క్లుప్తంగా. వశిష్ఠ మహర్షి ఆశ్రమం ఇక్కడ ఉండేది. హిరణ్యాక్షుడి కొడుకు రక్తవిలోచనుడు. అతని రక్తం ఎన్ని ఇసుక రేణువుల మీద పడితే అంతమంది రాక్షసులు పుట్టేలా వరం పొందాడు. వశిష్ఠుడి నూరుగురు కొడుకులనూ చంపేశాడు. మహర్షి ప్రార్థిస్తే నరసింహస్వామి గరుడ వాహనం మీద వచ్చాడు. మాయాశక్తి నాలుక చాచి రక్తం నేల మీద పడకుండా ఆపితే, స్వామి రాక్షసుడిని సంహరించాడు. ఆ తర్వాత ఆ రక్తం రక్తకుల్య అనే నదిగా పారిందని అంటారు. ఆ శక్తే అశ్వరూఢాంబిక. స్థానికులు గుర్రాలక్క అని పిలుస్తారు. సంహారం జరిగాక మహర్షి కోరిక మీద స్వామి ఇక్కడే వెలిశాడు.

ఇక్కడ మూలవిరాట్టు పడమటి ముఖంగా ఉంటాడు. పడమటి దిక్కున ఉన్నది వశిష్ఠ. సముద్రం నుంచి మొగలోకి వచ్చే పడవకైనా, మొగ దాటి సముద్రంలోకి పోయే పడవకైనా దారి ఆ నదే.

ఓడలు తయారయ్యే నది

వశిష్ఠ మొగ నుంచి కొద్ది కిలోమీటర్లు పైకి పోతే నరసాపురం. 17వ శతాబ్దంలో మన తీరంలో ఓడలు కట్టడానికి పేరున్న ఊళ్ళలో అది ముందు వరసలో ఉండేది. గోల్కొండ సుల్తానుల కాలం అది. వాళ్ళ పెద్ద రేవు మచిలీపట్నం. కానీ ఓడ కట్టాలంటే కలప కావాలి, లోతైన నది కావాలి, పని తెలిసిన వడ్రంగులు, కమ్మరులు కావాలి. ఇవన్నీ నరసాపురం దగ్గర దొరికేవి. అడవుల్లో కొట్టిన కలపను గోదావరిలో తెప్పలుగా కట్టి కిందికి తేల్చుకొచ్చేవాళ్ళు. ఖర్చు తక్కువ, పని మంచిది కాబట్టి ఇంగ్లీషు వాళ్ళు కూడా ఇక్కడే ఓడలు కట్టించుకున్నారు, మరమ్మతులు చేయించుకున్నారు. 1669 నుంచి 1679 దాకా బంగాళాఖాతం చుట్టూ తిరిగిన థామస్ బౌరీ అనే నావికుడు తన రాతల్లో నరసాపురం ఓడల పని గురించి రాశాడు.

సిరిసిల్లవాళ్ళకు నచ్చే విషయం ఒకటి చెప్తాను. నరసాపురం పక్కనే మాధవాయపాలెం అని ఊరు. ఇంగ్లీషు కంపెనీ అక్కడ గిడ్డంగి పెట్టుకుని నేతబట్ట కొనేది. మాధవాయపాలెం అనడం వాళ్ళకు రాక ‘మదపొల్లం’ అన్నారు. మెత్తటి తెల్ల నూలుబట్టకు ఆ పేరే స్థిరపడిపోయింది. ఇవాళ్టికీ ఇంగ్లీషు నిఘంటువుల్లో ఆ మాట ఉంది. ఒక తెలుగు ఊరి పేరు బట్ట పేరుగా మారి ఓడెక్కి ప్రపంచమంతా తిరిగింది. మగ్గం చప్పుళ్ళ మధ్య పెరిగిన సిరిసిల్ల పిల్లలకు ఇది పాఠంలో చెప్పాలి.

మన దిక్కుకు కూడా సముద్రం అప్పుడే వచ్చింది. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ మాధవాయపాలెం, బెండమూర్లంక లాంటి ఇంగ్లీషు స్థావరాలను పట్టుకున్నాడు. ఆ శతాబ్దంలోనే మన జగిత్యాల కోట ఫ్రెంచి ఇంజనీర్ల సాయంతో నక్షత్రం ఆకారంలో లేచిందని చెప్తారు. ఓడ దిగిన మనుషులు గోదావరి గడ్డ మీద ఇంత లోపలికి వచ్చారన్నమాట.

కొపనాతి కృష్ణమ్మ మొక్కు

ఇప్పుడు అసలు కథ. బుస్సీ పేరుతో పాటు బెండమూర్లంక అన్నాను కదా. అది వైనతేయ మొగ దగ్గరి ఊరు. అక్కడ కొపనాతి ఆదినారాయణ అనే ఆయన ఉండేవారు. అగ్నికులక్షత్రియులు, అంటే తరతరాలుగా నీటిని నమ్ముకుని బతికిన కులం. ఆయన కొడుకు కృష్ణమ్మ. కృష్ణమ్మ అంటే ఆడవాళ్ళ పేరు అనుకోకండి, ఆ కాలంలో మగవాళ్ళకూ పెట్టేవాళ్ళు. కృష్ణమ్మగారు పెద్దయ్యాక ఓడల వ్యాపారం చేశారు.

అప్పటికి అంతర్వేది పాత గుడి శిథిలమైంది. కృష్ణమ్మగారు కొత్త గుడి పని మొదలుపెట్టారు. కొంతకాలానికి పని ఆగిపోయింది. ఆయన ఓడలేమో సముద్రంలో ఉన్నాయి. అప్పుడు ఆయన స్వామికి మొక్కుకున్నారట: నా ఓడలన్నీ క్షేమంగా ఒడ్డు చేరితే నీ గుడి పూర్తి చేస్తాను అని. ఓడలు వచ్చాయి. గుడి లేచింది. 1823లో నిర్మాణం పూర్తయినట్టు గుడిలోని శాసనం చెప్తుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచిద్దాం. ఆ మొక్కు బరువు మనకు సగమే అర్థమవుతుంది. 1823లో ఓడకు ఇంజను లేదు, తెరచాపే. ఫోన్ లేదు. ఓడ రేవు దాటాక అది ఉందో మునిగిందో తెలియాలంటే తిరిగి రావాల్సిందే. గోదావరి మొగల నుంచి బయల్దేరిన ఓడలు మద్రాసు, కలకత్తా, బర్మా దాకా పోయేవి. గాలి మారే కాలంలో, ముఖ్యంగా అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతం తుపాన్లు ఎలా ఉంటాయో కోనసీమను అడగండి. 1839 నవంబరులో కోరింగ రేవును తుపాను తుడిచిపెట్టేసింది. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమలో కొబ్బరితోటలను నేలకు పరిచింది, వెయ్యికి పైగా ప్రాణాలు తీసింది.

నది ఒడ్డు దాకా వచ్చినా భయం తీరేది కాదు. మొగ దగ్గర ఇసుక మేటలు ఏడాదికోసారి చోటు మారుతాయి. నిన్న లోతున్న చోట ఇవాళ ఇసుక. సముద్రమంతా దాటి వచ్చి ఇంటి ముందు మొగలో ఇరుక్కుని పగిలిపోయిన ఓడలు చాలా ఉంటాయి. అందుకే ‘ఒడ్డున పడటం’ అనే మాట మన భాషలో ఇంత బలంగా ఉంది. అప్పు తీరితే ఒడ్డున పడ్డాం అంటాం, బిడ్డ పెళ్ళి చేస్తే ఒడ్డున పడ్డాం అంటాం. సముద్రం చూడని మన అమ్మమ్మలు కూడా అదే అంటారు.

నా వృత్తి నుంచి ఒక చిన్న ముచ్చట. మేం సాఫ్ట్‌వేర్ వాళ్ళం రోజూ ‘లాగ్స్’ చూస్తాం, ‘లాగిన్’ అవుతాం. ఆ మాట ఓడల నుంచే వచ్చింది. ఓడ ఎంత వేగంగా పోతోందో కొలవడానికి తాడు కట్టిన చెక్కముక్కను నీళ్ళలో వేసేవాళ్ళు. ఆ లెక్క రాసిన పుస్తకం లాగ్‌బుక్. ఏసీ గదిలో కూర్చుని వాడే మాట వెనుక కూడా ఎవరో ఒక సరంగు ఉన్నాడు.

రాజు ఇచ్చిన అభయం

నరసింహస్వామి కుడిచేయి అభయహస్తం అని మనకు తెలుసు. ఓడలవాళ్ళకు అదే పేరుతో ఒక రాజు కూడా మాట ఇచ్చాడు. ఆ రాజు మనవాడే, ఓరుగల్లు నుంచి ఏలిన కాకతీయ గణపతిదేవుడు.

బాపట్ల జిల్లా మోటుపల్లి కాకతీయుల రేవు. అక్కడ వీరభద్రస్వామి గుడి దగ్గర 1244-45 నాటి గణపతిదేవుడి శాసనం ఉంది. దాన్ని అభయశాసనం అంటారు. అందులోని సంగతి ఇది. అంతకుముందు రాజులు, తుపానుకు దెబ్బతిని తమ తీరానికి కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ లాగేసుకునేవాళ్ళు. అంటే సముద్రం వదిలేసినవాడిని రాజు దోచుకునేవాడు. గణపతిదేవుడు ఆ పద్ధతి తీసేశాడు. న్యాయమైన సుంకం తప్ప ఏమీ ముట్టుకోం, మీ సొత్తు మీదే అన్నాడు. ఆ సుంకం ముప్పైయో వంతు. ఎందుకు అంటే దయ, కీర్తి, ధర్మం కోసం అన్నాడు. తర్వాత ఆ శతాబ్దం చివర్లో వచ్చిన మార్కోపోలో ‘ముత్ఫిలి’ అని రాసింది ఈ మోటుపల్లినే.

దీంట్లో నాకు కనిపించే పాఠం ఇది. భక్తుడు మొక్కుకుంటాడు, దేవుడు కాపాడతాడు. కానీ ఒడ్డు మీద ఉన్నవాళ్ళకు కూడా ఒక బాధ్యత ఉంది. ఓడ ఒడ్డు చేరాక మనిషి దోచుకుంటే దేవుడి అభయానికి అర్థం లేదు. గణపతిదేవుడు ఆ బాధ్యతను రాతి మీద చెక్కించాడు.

మన ఇళ్ళలోని ఓడలు

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు ఏ ఊరికి పోయినా ఇంటికొకరు దుబాయ్, మస్కట్, ఖతార్, బహ్రెయిన్ పోయినవాళ్ళు ఉంటారు. మా బాపు పదకొండేళ్ళు గల్ఫ్‌లో పనిచేసిండు. నా ఇంజనీరింగ్ ఫీజు అక్కడి ఎండలో పుట్టిన పైసలే. ఆయన బయల్దేరే ముందు మా అమ్మ ధర్మపురికి పోయి మొక్కేది. ‘‘ఆయన మంచిగ రావాలె సామీ, వస్తే ఇద్దరం వచ్చి తలనీలాలిస్తం’’ అనేది. ప్రతి సెలవుకూ ఆ మొక్కు తీరేది. ఏం సంపాదించుకుని రావాలో అమ్మ ఎన్నడూ స్వామికి చెప్పలేదు. రావాలె, అంతే.

కృష్ణమ్మగారి మొక్కు, మా అమ్మ మొక్కు ఒకటే. ఒకరు గోదావరి చివర నిలబడి మొక్కారు, ఒకరు ఎగువన నిలబడి మొక్కారు. ఇద్దరూ అడిగింది ఒడ్డు.

అందరి మొక్కులూ తీరలేదు. ఎయిర్‌పోర్టు నుంచి పెట్టెలో వచ్చినవాళ్ళ ఇళ్ళు మన ఊళ్ళలో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ ఇంటివాళ్ళ భక్తిలో లోపం ఉందని ఎవరైనా అంటే నమ్మకండి. అది మహాపాపం మాట. ఒడ్డు మీదివాళ్ళం మన వంతు చేశామా అని అడగడమే సరైన ప్రశ్న.

అందుకే రెండు పనికొచ్చే మాటలు. మీ ఇంట్లో ఎవరైనా ఈసీఆర్ పాస్‌పోర్టు మీద గల్ఫ్ పోతుంటే ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ తప్పకుండా ఉండాలి. రెండేళ్ళకు ప్రీమియం 275 రూపాయలు, మూడేళ్ళకు 375. ప్రమాదంలో మరణిస్తే, శాశ్వత అంగవైకల్యం వస్తే 10 లక్షల రూపాయల రక్షణ. ఉద్యోగ వీసా మీద, ప్రభుత్వ ఇమిగ్రేషన్ అనుమతితో పోయినవాళ్ళకే ఇది. ఏజెంటు మాట విని విజిట్ వీసా మీద పనికి పోతే ఈ అభయం ఉండదు. రెండోది, గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. మీ ఊళ్ళో అలాంటి కుటుంబం ఉంటే దరఖాస్తు రాయడానికి సాయం చేయండి. స్వామికి కొట్టే కొబ్బరికాయ ఎంత సేవో ఇదీ అంతే సేవ.

ఒడ్డు కూడా కరుగుతోంది

అంతర్వేది నేల గోదావరి తెచ్చిన ఒండ్రుతో తయారైంది. వేల ఏళ్ళుగా నది మట్టి తెచ్చి పోస్తుంటే సముద్రం వెనక్కి జరిగింది. ఇప్పుడు ఎగువన ఆనకట్టల వెనుక మట్టి ఆగిపోతోంది. మన శ్రీరాంసాగర్‌నే చూడండి. 112 టీఎంసీల నిల్వ అనుకుని కట్టింది, పూడిక వల్ల 80 దగ్గరికి పడిపోయింది. ఆ పూడిక అంతా కిందికి పోవాల్సిన మట్టి. అది రాక, సముద్రం తన పని తాను చేసుకుపోతుంటే డెల్టా తీరం చాలాచోట్ల కోతకు గురవుతోంది. అంతర్వేది పల్లిపాలెం వైపు పోటు సమయంలో నీళ్ళు ఇళ్ళ దాకా వచ్చిన వార్తలు మీరూ చూసే ఉంటారు.

శ్రీరాంసాగర్ వద్దని నేను అనను. కాకతీయ కాలువ నీళ్ళతోనే మన దిక్కు పొలాలు పండాయి, మా ఇంట్లో అన్నం ఉడికింది. కానీ మన పొలానికి వచ్చిన నీటికీ, వాళ్ళ ఇంటి ముందుకు వచ్చిన సముద్రానికీ సంబంధం ఉందని తెలుసుకోవాలి. ఎగువన ఉన్నవాడికి దిగువన ఉన్నవాడు కనపడడు. ఒకే నది మీద ఇద్దరు నరసింహులు ఎందుకున్నారు అంటే, నాకు తోచిన జవాబు ఇదే: ఇక్కడ దండం పెట్టేటప్పుడు అక్కడివాళ్ళను తలుచుకోవడానికి.

వెళ్ళాలనుకునేవాళ్ళకు

మాఘ శుద్ధ దశమి రాత్రి స్వామి కల్యాణం. మర్నాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం. మొగల్తూరు రాజవంశం వారు అనువంశిక ధర్మకర్తలు. 2020 సెప్టెంబరులో పాత చెక్క రథం కాలిపోయింది. 2021 ఫిబ్రవరి ఉత్సవాలకు కొత్త టేకు రథం సిద్ధమైంది.

రైల్లో నరసాపురం దాకా పోయి, రేవులో పంటు ఎక్కి వశిష్ఠ దాటితే సఖినేటిపల్లి. అక్కడి నుంచి రోడ్డు. చించినాడ వంతెన మీదుగా కూడా పోవచ్చు. కానీ వీలైతే పంటు మీదే దాటండి. తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఆ రోజుల్లో పోతే ఒడ్డున వరసగా కట్టేసిన పడవలు, వలలు బాగుచేసుకుంటున్న మనుషులు కనిపిస్తారు. వాళ్ళతో రెండు మాటలు మాట్లాడండి. కృష్ణమ్మగారి కథ పుస్తకాల కన్నా వాళ్ళ నోట వింటే బాగుంటుంది.

ముందు ధర్మపురిలో స్నానం చేసి, తర్వాత అంతర్వేది సంగమంలో స్నానం చేయండి. అంత దూరం పోలేనివాళ్ళు ధర్మపురిలోనే ఒక దోసిలి నీళ్ళు అదనంగా వదలండి. ఒడ్డుకు దూరంగా ఉన్న అందరి పేరు మీదా.

వచ్చే వారం కాళేశ్వరం త్రివేణి సంగమం గురించి చెప్పుకుందాం. ఇంటి నుంచి దూరం పోయిన ప్రతి ఒక్కరూ క్షేమంగా ఒడ్డు చేరాలి.

ఓం నమో నారసింహాయ.